పడగొట్టినా లేచి కొడుతున్నాడంటే: షవ్, గ్రాపుల్, రియాక్షన్ల టైమింగ్ లెక్క

ప్రశ్న క్లుప్తంగా ఇది. బెంగళూరు మారతహళ్ళిలో ఆదివారాలు జీఎంతో (ఆట నడిపే వ్యక్తి) కలిపి ఐదుగురు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రలు ధరించి ఆడే టేబుల్ ఆట ఐదో ఎడిషన్ ఆడుతున్నారు, 2014 రూల్స్. అందులో ఇద్దరు పాత్‌ఫైండర్ అనే ఇలాంటిదే ఇంకో ఆట మొదటి ఎడిషన్ నుంచి వచ్చినవాళ్ళు. అడిగినవారి పాత్ర ఐదో లెవెల్ ఫైటర్ (యోధుడు). శత్రువును షవ్ చేసి (నెట్టి) పడేస్తే వాడి టర్న్ (వంతు) రాగానే లేచి కొడుతున్నాడు, ఇక లాభమేంటి అన్నది మొదటి సందేహం. "ఫలానాది జరిగితే ఇది చేస్తా" అని రెడీ చేసుకున్న యాక్షన్, ఆ ఫలానాదానికి (ట్రిగ్గర్‌కి) ముందు జరుగుతుందా, తర్వాతా అన్నది రెండోది. జీఎం డ్యామేజ్ అంకె చెప్పేశాక విజర్డ్ (మంత్రగాడు) దెబ్బను ఆపే మంత్రం "షీల్డ్" అంటే చెల్లుతుందా అన్నది మూడోది.

ముందు జవాబులు చెప్పేస్తాను. పడగొట్టడం పనికొస్తుంది, కానీ శత్రువు టర్న్ అయిన వెంటనే వచ్చేవాళ్ళు పడగొట్టాలి. వాడి టర్న్‌కి సరిగ్గా ముందు పడగొడితే దాదాపు దండగే. రెడీ చేసిన యాక్షన్ మీ ఆటలో ట్రిగ్గర్ పూర్తయ్యాక జరుగుతుంది. పాత్‌ఫైండర్ మొదటి ఎడిషన్‌లో ట్రిగ్గర్‌కి ముందు. మీ స్నేహితులు పాత పుస్తకం ప్రకారం కరెక్టే చెబుతున్నారు, మీరు ఆడుతున్నది వేరే పుస్తకం. షీల్డ్ అనాల్సింది "తగిలింది" అన్న మాటకీ డ్యామేజ్‌కీ మధ్యలో. అంకె విన్నాక చెల్లదు.

ఇప్పుడు కారణాలు. ఐదో ఎడిషన్‌లో రౌండ్ అంటే కథలో 6 సెకన్లు. ఎవరి టర్న్‌లో వాళ్ళకి కదలిక, ఒక యాక్షన్, ఏదైనా ఫీచరో స్పెల్లో (మంత్రమో) ఇస్తేనే బోనస్ యాక్షన్. వీటితోపాటు రౌండ్‌కి ఒక రియాక్షన్, అంటే ఎదుటివాడు ఏదైనా చేసినప్పుడు వాడి టర్న్‌లోనైనా చేయగలిగే పని. షవ్, గ్రాపుల్ (పట్టుకోవడం) రెండూ అటాక్ యాక్షన్‌లో ఒక దెబ్బ బదులుగా చేసేవి. కాబట్టి వాటి ఖరీదు ఒక దెబ్బ. కింద పడ్డవాడు లేవడానికి పెట్టే ఖర్చు వాడి వేగంలో సగం, అంతే. యాక్షన్ పోదు. లేస్తున్నందుకు మీకు ఆపర్చునిటీ అటాకూ (శత్రువు మీ పక్కనుంచి జారుకుంటుంటే రియాక్షన్‌తో కొట్టే దెబ్బ) రాదు. అంటే ఐదో లెవెల్ ఫైటర్‌కి ఉన్న రెండు దెబ్బల్లో మీరు ఒకటి వదులుకుని వాడి దగ్గర 15 అడుగుల నడక లాక్కున్నారు. పక్కనే నిలబడ్డ మిమ్మల్ని కొట్టడానికి వాడికి ఆ నడకతో పనే లేదు. మీ విసుగులో న్యాయముంది.

అంకెల్లో చూద్దాం. మీ స్ట్రెంగ్త్ 18 (అంటే +4), ప్రొఫిషియెన్సీ (నైపుణ్యానికి బోనస్) +3 అనుకుంటే అథ్లెటిక్స్ +7, దెబ్బ మీద కూడా +7. ఎదురుగా బాండిట్ కెప్టెన్ ఉన్నాడు: ఏసీ (తగలాలంటే అందుకోవాల్సిన అంకె) 15, అథ్లెటిక్స్ +4. షవ్‌కి ఇద్దరూ డీ20 (ఇరవై ముఖాల డైస్) వేసి అథ్లెటిక్స్ కలుపుతారు. టోటల్ సమానమైతే ఉన్న స్థితే కొనసాగుతుంది కనుక మీరు ఓడినట్టే. ఆ లెక్కన మీరు గెలిచే అవకాశం సుమారు 62 శాతం. మామూలు దెబ్బకి డైస్ మీద 8 గానీ పైన గానీ పడాలి, అది 65 శాతం. పడి ఉన్నవాణ్ణి 5 అడుగుల లోపు నుంచి కొడితే అడ్వాంటేజ్‌తో (రెండు డైస్ వేసి పెద్దది తీసుకోవడం) 88 శాతం.

రెండు దెబ్బలూ నేరుగా కొడితే సగటున 1.3 తగులుతాయి. మొదటిది షవ్‌కి వాడి రెండోది కొడితే 0.79. సగం దెబ్బ మీ జేబులోంచి పోయింది. దాన్ని పూడ్చాల్సింది మీ తర్వాత, వాడి టర్న్‌కి ముందు వచ్చే మీవాళ్ళు. షవ్ ఫెయిలయ్యే అవకాశం కూడా కలిపి చూస్తే వాళ్ళ ఒక్కో దగ్గరి దెబ్బకి కలిసొచ్చేది సగటున 0.14. మీ దెబ్బంత బరువైన దెబ్బలు నాలుగు పడితేగానీ లెక్క సరికి సరి కాదు. రోగ్ ఉంటే త్వరగా తేలుతుంది. ఐదో లెవెల్ రోగ్ (దొంగచాటుగా కొట్టే పాత్ర) రేపియర్ దెబ్బ స్నీక్ అటాక్ అనే అదనపు డ్యామేజ్‌తో కలిపి సగటున 19, మీ లాంగ్‌స్వర్డ్ దెబ్బ ఎనిమిదిన్నర. వాడి ఒక దెబ్బ మీ రెండింటి పైనే. విల్లు పట్టినవాళ్ళు ఎక్కువున్న పార్టీలో మాత్రం పడగొట్టకండి. పడి ఉన్నవాడి మీద దూరం నుంచి వేసే బాణానికి డిసడ్వాంటేజ్ (రెండు డైస్‌లో చిన్నది), మీవాళ్ళకే మీరు అడ్డం పడ్డట్టు.

అందుకే ఇనీషియేటివ్ (ఎవరి టర్న్ ముందో తేల్చే అంకె, పెద్దది ముందు) వరస చూసి నిర్ణయించాలి. కెప్టెన్ 18, మీరు 16, రోగ్ 13, పాలడిన్ (దైవయోధుడు) 9 అయితే పడగొట్టండి. రోగ్, పాలడిన్ ఇద్దరూ అడ్వాంటేజ్‌తో కొట్టాకే వాడు లేస్తాడు. మీరు 19, కెప్టెన్ 18 అయితే మీ షవ్‌కీ వాడి లేవడానికీ మధ్య ఎవరూ లేరు. అప్పుడు రెండు దెబ్బలూ కొట్టేయండి, లేదా కింద చెప్పే రెండు పద్ధతుల్లో ఒకటి. 2014 రూల్స్‌లో టర్న్ వెనక్కి జరుపుకునే డిలే లేదు. పాత్‌ఫైండర్ అలవాటుతో చాలామంది ఉందనుకుంటారు.

మొదటి పద్ధతి, పడేసి వెళ్ళిపోవడం. పడేసిన తర్వాత మీ 30 అడుగులూ నడిచి దూరమవండి. వెళ్ళేటప్పుడు వాడికి ఆపర్చునిటీ అటాక్ వస్తుంది గానీ పడి ఉన్నవాడు కొట్టే దెబ్బకి డిసడ్వాంటేజ్. వాడు 15 అడుగులు పెట్టి లేస్తే మిగిలిన 15తో మిమ్మల్ని అందుకోలేడు. డాష్ (ఇంకాస్త నడవడానికే యాక్షన్ పెట్టడం) చేయాలి, అంటే యాక్షన్ పోయినట్టే. ఒంటరిగా ఉన్న బరువైన శత్రువు మీద ఇది బాగా పనిచేస్తుంది. వాడి పక్కన మీ విజర్డ్ నిలబడి ఉంటే చేయకండి, పాపం.

రెండోది గ్రాపుల్ చేసి ఆపైన షవ్. గ్రాపుల్ అయినవాడి వేగం 0. లేవడానికి వేగంలో సగం కావాలి, ఉన్నదే సున్నా కనుక లేవలేడు. కబడ్డీలో రెయిడర్ కాలు పట్టినట్టే: పట్టు వదిలేదాకా వాడు ఎక్కడికీ పోడు, చేతులు మాత్రం ఆడుతూనే ఉంటాయి. అలా పడి ఉన్నవాడికి రెండే దార్లు. నేల మీంచే డిసడ్వాంటేజ్‌తో కొట్టడం, లేదా యాక్షన్ మొత్తం పెట్టి పట్టు విడిపించుకోవడం. ఇప్పుడు మీరు వాడి నడకను కాదు, టర్న్‌నే తీసుకుంటున్నారు. పై కెప్టెన్ మీద ఒకే టర్న్‌లో రెండూ సాధించే అవకాశం 38 శాతం. తక్కువే, అయినా సాధిస్తే ఆ తర్వాతి టర్న్‌ల నుంచి మీ రెండు దెబ్బలూ అడ్వాంటేజ్‌తోనే.

దీంట్లో తప్పులు జరిగే చోట్లు కొన్ని ఉన్నాయి. క్రమం ముఖ్యం: ముందు గ్రాపుల్, తర్వాత షవ్. ముందు షవ్ చేసి గ్రాపుల్ ఫెయిలైతే వాడు మామూలుగా లేచిపోతాడు. ముందు గ్రాపుల్ అయి షవ్ ఫెయిలైతే కనీసం పట్టు మిగులుతుంది, వచ్చే టర్న్‌లో మళ్ళీ చూడొచ్చు. గ్రాపుల్‌కి ఒక చెయ్యి ఖాళీ కావాలి. కత్తీ డాలూ పట్టుకున్నవాళ్ళకి ఖాళీ చెయ్యి లేదు, కత్తి ఒరలో పెట్టాలి లేదా కింద పడేయాలి. రెండు చేతుల కత్తి వాడేవాళ్ళు ఒక చెయ్యి తీసి పట్టుకోవచ్చు, కానీ పట్టుకుని ఉన్నంతసేపూ ఆ కత్తితో కొట్టలేరు. మీకంటే ఒక సైజు పెద్దవాళ్ళ వరకే కుదురుతుంది: మనిషి ఓగర్‌ని పట్టొచ్చు, హిల్ జయంట్‌ని పట్టలేడు. పట్టుకుని ఈడిస్తే మీ వేగం సగం, 30కి 15 అడుగులు. ఈడ్చబడుతున్నవాడు తన కదలిక వాడడం లేదు కాబట్టి వాడి మీద ఎవరికీ ఆపర్చునిటీ అటాక్ రాదు, ఈడుస్తున్న మీ మీద మాత్రం వస్తుంది. టెలిపోర్ట్ అయినవాడు పట్టులోంచి జారిపోతాడు, మిస్టీ స్టెప్ అనే టెలిపోర్ట్ మంత్రం ఉన్న మంత్రగాణ్ణి పట్టుకుని సంతోషపడకండి.

మీ ఫైటర్ సబ్‌క్లాస్ (ఉపశాఖ) బాటిల్ మాస్టర్ అయితే సంగతే మారిపోతుంది. వాళ్ళకున్న ట్రిప్ అటాక్ అనే పడగొట్టే ఎత్తుకి దెబ్బ ఖర్చవదు. తగిలిన దెబ్బ మీద ఒక సుపీరియారిటీ డైస్ పెడతారు, ఆ డీ8 డ్యామేజ్‌కి కలుస్తుంది, శత్రువు స్ట్రెంగ్త్ సేవ్ (తట్టుకోవడానికి వేసే డీ20) తప్పితే పడతాడు. మీ అంకెలతో డీసీ (ఆ సేవ్ అందుకోవాల్సిన అంకె) 15, కెప్టెన్ సేవ్ +4, సరిగ్గా సగం సగం. మూడో లెవెల్ నుంచి నాలుగు డైస్ ఉంటాయి, షార్ట్ రెస్ట్‌తో తిరిగొస్తాయి. టర్న్‌లో మొదటి దెబ్బ మీదే వాడండి, పడితే రెండో దెబ్బ అడ్వాంటేజ్‌తో వస్తుంది. ఇంకో లాభం: తగిలిందని తెలిశాకే చెప్పొచ్చు కనుక సహజ 20 పడినప్పుడు వాడితే ఆ డీ8 కూడా రెట్టింపవుతుంది. మిస్ అయిన దెబ్బ మీద డైస్ వృథా కావడమంటూ ఉండదు. కొత్తవాళ్ళు దెబ్బ వేయకముందే "ట్రిప్ చేస్తున్నా" అని ప్రకటిస్తారు, జీఎం కూడా పోయింది లెమ్మని డైస్ తీసేసుకుంటాడు. అది రూల్ కాదు.

షీల్డ్ గొడవ, దానితోపాటు సగం టైమింగ్ గొడవలు ఒకే పట్టికతో తీరతాయి. ఏ దెబ్బనైనా నాలుగు మెట్లుగా విడగొట్టండి: ఎవరిని కొడుతున్నామో ప్రకటన, డీ20 వేయడం, తగిలిందా లేదా ఫలితం, డ్యామేజ్. ప్రతి రియాక్షన్, ప్రతి ఫీచర్ వీటిలో ఏదో ఒక సందులో కూర్చుంటుంది, దాని వివరణలో మొదటి వాక్యమే ఆ సందు ఏదో చెబుతుంది.

ప్రకటనకీ డైస్‌కీ మధ్య: 2014 ప్రొటెక్షన్ ఫైటింగ్ స్టైల్. పక్కవాడి మీదకొచ్చే దెబ్బకి డిసడ్వాంటేజ్ ఇస్తుంది, రెండు డైస్ వేయించాలి కనుక ముందే చెప్పాలి. డైస్‌కీ ఫలితానికీ మధ్య: బార్డ్ (గాయక పాత్ర) ఇచ్చిన ఇన్‌స్పిరేషన్ డైస్, ఎదుటివాడి రోల్ తగ్గించే కటింగ్ వర్డ్స్, ఇంకో డైస్ వేసుకునే లక్కీ ఫీట్ (ఫీట్ అంటే ఎంచుకునే ప్రత్యేక సామర్థ్యం), రోల్ పెంచే బాటిల్ మాస్టర్ ప్రెసిషన్ అటాక్. ఇవి వాడేవాళ్ళు డైస్ మీద అంకె చూడొచ్చు, జీఎం "తగిలింది" అనేలోపు నోరు తెరవాలి. ఫలితానికీ డ్యామేజ్‌కీ మధ్య: షీల్డ్, డ్యామేజ్ సగం చేసే రోగ్ అన్‌కానీ డాడ్జ్, డ్యామేజ్ పెంచే పాలడిన్ స్మైట్, ట్రిప్ అటాక్. దెబ్బ తప్పాక: రిపోస్ట్ (ఎదురుదెబ్బ). డ్యామేజ్ తిన్నాక: హెలిష్ రిబ్యూక్ (కొట్టినవాణ్ణి కాల్చే మంత్రం).

షీల్డ్ ఏసీకి +5 ఇస్తుంది, దాన్ని రేపిన దెబ్బకి కూడా వర్తిస్తుంది, మీ తర్వాతి టర్న్ మొదలయ్యేదాకా ఉంటుంది. సహజ 20ని మాత్రం ఆపలేదు. డ్యామేజ్ అంకె విన్నాక ఒప్పుకుంటే ఏమవుతుందో ఊహించండి: 4 అయితే ఊరుకుంటాడు, 19 అయితే షీల్డ్ అంటాడు. అలాగని జీఎం డీ20నీ డ్యామేజ్ డైస్‌నీ ఒకే గుప్పిట్లో వేసి గడగడా చదివేస్తే విజర్డ్‌కి మాట్లాడే సందే ఉండదు. తప్పు అక్కడుంది. నేను టేబుల్ నడిపేటప్పుడు "తగిలింది" అని ఆగి, ఎవరైనా ఏమైనా అంటారేమో అని ఒక ఊపిరి పీల్చుకుని, అప్పుడే డ్యామేజ్ డైస్ ఎత్తుతాను. టైమ్ సరిపోదనుకుంటే ఇంకో దారి ఉంది: విజర్డ్ తన రౌండ్ మొదట్లోనే "నాకు తగిలిన మొదటి దెబ్బకి షీల్డ్" అని చెప్పి ఉంచొచ్చు. డీ20 టోటల్ ప్లేయర్‌కి చెప్పాలా వద్దా అన్నది టేబుల్ ఇష్టం. చెబితే విజర్డ్ లెక్కేసుకుంటాడు, చెప్పకపోతే జూదం. ఏదైనా సరే, మొదటి సెషన్‌లోనే తేల్చుకోండి, ఫైట్ మధ్యలో కాదు.

ఒకే క్షణంలో రెండు ప్రభావాలు వచ్చిపడితే? ఎవరి టర్న్ నడుస్తుందో వాళ్ళే వరస నిర్ణయిస్తారు. ఇది 2017లో వచ్చిన అనుబంధ పుస్తకంలో ఐచ్ఛిక నియమం. ఐచ్ఛికమే అయినా వాడండి, చాలా వాదనలు తప్పుతాయి.

రియాక్షన్ గురించి మూడు అపోహలు దాదాపు ప్రతి టేబుల్ మీదా కనిపిస్తాయి. ఒకటి, అది కొత్త రౌండ్ మొదట్లో తిరిగొస్తుందనుకోవడం. కాదు, మీ టర్న్ మొదట్లో తిరిగొస్తుంది. రెండు, బోనస్ యాక్షన్ బదులు యాక్షన్ వాడుకోవచ్చనో, ఒకదాన్ని ఇంకోదానికి మార్చుకోవచ్చనో అనుకోవడం. కుదరదు, అవి వేరు వేరు జేబులు. మూడు, స్నీక్ అటాక్ రౌండ్‌కి ఒకసారే అనుకోవడం. అది టర్న్‌కి ఒకసారి. రోగ్ తన టర్న్‌లో ఒకసారి వేసి, శత్రువు పారిపోతుంటే ఆపర్చునిటీ అటాక్‌లో షరతులు కుదిరితే ఇంకోసారి వేయొచ్చు. రోగ్‌లు ఈ మాట విని లేచి గంతులేస్తారు.

ఆపర్చునిటీ అటాక్ పడేది శత్రువు మీ అందులోంచి బయటికి వెళ్ళేముందు క్షణంలో. అందుకే దెబ్బ తగిలినప్పుడు వాడు ఇంకా మీ పక్క గడిలోనే ఉన్నట్టు లెక్క. ట్రిప్ అటాక్ ఇక్కడ బంగారం: పారిపోతున్నవాడు అక్కడే కూలబడతాడు, లేవడానికి సగం వేగం కావాలి, అప్పటికే సగం కంటే ఎక్కువ నడిచి ఉంటే ఈ టర్న్‌లో లేవనే లేడు. కానీ 2014 రూల్స్‌లో ఆపర్చునిటీ అటాక్‌ని షవ్‌గానో గ్రాపుల్‌గానో మార్చలేరు, వాటికి అటాక్ యాక్షన్ కావాలి. 2024 రూల్స్‌లో అవి అన్‌ఆర్మ్‌డ్ స్ట్రైక్ (ఒట్టి చేతి దెబ్బ) లోకి చేరాయి కనుక పారిపోయేవాణ్ణి రియాక్షన్‌తోనే పట్టేయొచ్చు. ఇద్దరూ డైస్ వేసే పోటీ కూడా పోయింది. 8, స్ట్రెంగ్త్ మాడిఫయర్, ప్రొఫిషియెన్సీ కలిపి డీసీ; శత్రువు స్ట్రెంగ్త్ లేదా డెక్స్‌టెరిటీ సేవ్, తనకి నచ్చినది వేస్తాడు. అథ్లెటిక్స్‌లో ఎక్స్‌పర్టీజ్ (రెట్టింపు ప్రొఫిషియెన్సీ) తీసుకున్న గ్రాపులర్‌కి ఇది పెద్ద దెబ్బ, ఎందుకంటే పట్టు పట్టడంలో ఆ ఎక్స్‌పర్టీజ్ ఇక లెక్కలోకి రాదు. యూట్యూబ్‌లో చూసిన చిట్కా ఏ ఏడాది రూల్స్‌దో చూడకుండా టేబుల్ మీదకి తేకండి.

ఇక రెడీ. ఐదో ఎడిషన్‌లో మీ టర్న్‌లో యాక్షన్ పెట్టి ఒక ట్రిగ్గర్, ఒక పని చెప్పి ఉంచుతారు. ట్రిగ్గర్ జరిగి ముగిశాక రియాక్షన్‌తో ఆ పని చేస్తారు, లేదా వదిలేస్తారు. ఇనీషియేటివ్ స్థానం మారదు. పాత్‌ఫైండర్ మొదటి ఎడిషన్‌లో అది ట్రిగ్గర్‌కి ముందే జరిగి, మీ ఇనీషియేటివ్ ఆ శత్రువుకి ముందుకి జరిగిపోతుంది. ఫలితంలో తేడా ఎంతంటే: "మంత్రగాడు మంత్రం మొదలెడితే బాణం వేస్తా" అన్నారనుకోండి. పాత్‌ఫైండర్‌లో బాణం తగిలితే వాడు కాన్‌సంట్రేషన్ (ఏకాగ్రత) చెక్ చేయాలి, డీసీ 10 ప్లస్ డ్యామేజ్ ప్లస్ స్పెల్ లెవెల్, తప్పితే స్పెల్ పోయినట్టే. ఐదో ఎడిషన్‌లో స్పెల్ పడ్డాకే మీ బాణం. "పెదవి కదపగానే" అని ట్రిగ్గర్‌ని ఎంత తెలివిగా పేర్చినా, ఒక యాక్షన్‌లో అయిపోయే స్పెల్‌ని మధ్యలో దెబ్బ కొట్టి చెడగొట్టే రూలే ఈ ఆటలో లేదు. దానికి కౌంటర్‌స్పెల్ (మంత్రాన్ని ఆపే మంత్రం) ఉంది, 60 అడుగుల లోపు.

రెడీ ఖరీదు చాలామంది గమనించరు. మీకు రెండో దెబ్బ ఇచ్చే ఎక్స్‌ట్రా అటాక్ "మీ టర్న్‌లో" అటాక్ యాక్షన్ తీసుకున్నప్పుడే పనిచేస్తుంది, కాబట్టి రెడీ చేసిన దెబ్బ ఒక్కటే. మీకు సగం బలం పోయింది. స్పెల్ రెడీ చేస్తే స్లాట్ (మంత్రాల కోటాలో ఒకటి) అప్పుడే ఖర్చు, పట్టి ఉంచడానికి కాన్‌సంట్రేషన్ కావాలి. అంటే అప్పటికే నడుస్తున్న బ్లెస్ లాంటి మంత్రం రాలిపోతుంది. ట్రిగ్గర్ రాకపోతే స్లాట్ కూడా గంగపాలు. పైగా రియాక్షన్ అక్కడికే పోతుంది కనుక ఆ రౌండ్‌లో షీల్డూ లేదు, ఆపర్చునిటీ అటాకూ లేదు. ఐదో లెవెల్ ఫైటర్ తలుపు దగ్గర నిలబడి రెడీ చేయడం కంటే, శత్రువు ఏదో ఒక దారిన తన పక్క నుంచే వెళ్ళాల్సి వచ్చేలా నిలబడి డాడ్జ్ (మీ మీదకొచ్చే దెబ్బలకి డిసడ్వాంటేజ్ ఇచ్చే యాక్షన్) తీసుకోవడం మేలని నా అభిప్రాయం. డాడ్జ్‌తో రియాక్షన్ మిగులుతుంది.

ట్రిగ్గర్ కాయితం మీద రాయించండి, ఒక్క వాక్యం. "ఎవరైనా వస్తే" అని రాసినవాడు మొదట లోపలికొచ్చిన తనవాడి మీదే బాణం వేయాలా వద్దా అని పది నిమిషాలు వాదిస్తాడు.

పాత్‌ఫైండర్ నుంచి వచ్చిన మీ ఇద్దరి కోసం కొంచెం. అక్కడ సీఎంబీ (కంబాట్ మనూవర్ బోనస్; పడగొట్టడం, పట్టుకోవడం లాంటివే మనూవర్లు) అంటే బేస్ అటాక్, స్ట్రెంగ్త్, సైజు కలిపినది. సీఎండీ (వాటిని తట్టుకునే డిఫెన్స్) అంటే 10కి అవే కలిపి డెక్స్‌టెరిటీ కూడా చేర్చినది. డీ20కి సీఎంబీ కలిపి ఎదుటివాడి సీఎండీని అందుకోవాలి, సమానమైనా చాలు. ఐదో లెవెల్ ఫైటర్ స్ట్రెంగ్త్ 18తో సీఎంబీ +9, ఇంప్రూవ్డ్ ట్రిప్ ఉంటే +11. సీఎండీ 18 ఉన్న ఓగర్‌ని పడగొట్టే అవకాశం అప్పుడు 70 శాతం. ఆ ఫీట్ లేకుండా ప్రయత్నిస్తే ముందు మీకే అటాక్ ఆఫ్ ఆపర్చునిటీ పడుతుంది, దాని డ్యామేజ్ అంతా మీ రోల్‌లోంచి తీసేయాలి. 10 గానీ అంతకు మించి గానీ తేడాతో తప్పితే మీరే పడతారు. రెండు కాళ్ళ మీద ఒక్కో అదనపు కాలికీ శత్రువుకి +2, గుర్రాన్నీ సాలీడునీ పడగొట్టాలని చూడకండి.

అక్కడ లేచేవాడి మీద అటాక్ ఆఫ్ ఆపర్చునిటీ ఉంది, అందుకే వాళ్ళకి ట్రిప్ అంత ప్రియం. కానీ ఆ దెబ్బ వాడు లేవకముందు పడినట్టు లెక్క. ఇంకా నేల మీదే ఉన్నవాణ్ణి మళ్ళీ ట్రిప్ చేయడానికి లేదు, మామూలు దెబ్బే కొట్టాలి, ఏసీ −4 లాభంతో. పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్‌లో ఇది తలకిందులైంది. లేవడం ఒక యాక్షన్, గడి మారని కదలిక కనుక రియాక్షన్ ఆ యాక్షన్ చివర్లో పడుతుంది, అప్పటికి వాడు నిలబడి ఉన్నాడు. పడి ఉన్నందుకు వచ్చే −2 ఏసీ ఆ దెబ్బకి రాదు.

రెండో ఎడిషన్‌లో మనూవర్ల విలువే వేరు. టర్న్‌కి మూడు యాక్షన్లు. ట్రిప్ అంటే అథ్లెటిక్స్ రోల్ రిఫ్లెక్స్ (చురుకు) డీసీ మీద, గ్రాపుల్, షవ్ ఫార్టిట్యూడ్ (దేహదారుఢ్యం) డీసీ మీద. అన్నీ దెబ్బలుగానే లెక్క కనుక రెండోదానికి −5, మూడోదానికి −10. లేవడానికి శత్రువు మూడింటిలో ఒక యాక్షన్ పెట్టాలి. నలుగురు ప్లేయర్లకి రౌండ్‌కి 12 యాక్షన్లు, ఒంటరి బాస్‌కి 3. మీ ఒక్కటి పెట్టి వాడి ఒక్కటి తీసేస్తే బేరం మీదే. అష్యూరెన్స్ ఫీట్ అథ్లెటిక్స్‌కి తీసుకుంటే డైస్ వేయకుండా 10 ప్లస్ ప్రొఫిషియెన్సీ వస్తుంది, ఏ పెనాల్టీ తగలదు. అందుకే దాన్ని మూడో యాక్షన్‌కి దాచుకుంటారు. ఐదో లెవెల్‌లో ఎక్స్‌పర్ట్ అయితే 19. మీకంటే తక్కువ లెవెల్ శత్రువుల మీద సరిపోతుంది, బాస్ మీద సరిపోదు.

గుర్ప్స్ లాంటి ఆటల్లో టర్న్ అంటే ఒకే సెకను, టర్న్‌కి ఒక మనూవర్ ఎంచుకోవడమే యాక్షన్. ఆల్ అవుట్ అటాక్ చేస్తే తర్వాతి టర్న్ దాకా తప్పించుకోవడం, అడ్డుకోవడం ఏదీ ఉండదు. అక్కడి అలవాట్లు ఇక్కడికీ, ఇక్కడివి అక్కడికీ మోసుకెళ్ళకండి.

టేబుల్ మీద సాయపడే సామాను, ఖర్చు పెద్దగా లేనివి. ప్రతి ప్లేయర్ ముందు ఒక రూపాయి బిళ్ళ: బొమ్మ పైకి ఉంటే రియాక్షన్ ఉంది, వాడగానే బొరుసు, తన టర్న్ మొదట్లో మళ్ళీ బొమ్మ. సుపీరియారిటీ డైస్‌కి నాలుగు చింతపిక్కలు. జీఎం స్క్రీన్ మీద పేర్లు రాసిన బట్టల క్లిప్పులు ఇనీషియేటివ్ వరసలో. శత్రువుల క్లిప్పులూ అందరికీ కనపడేలా పెట్టండి, లేకపోతే పైన చెప్పిన షవ్ లెక్క ప్లేయర్లు వేయలేరు. ఫ్లెక్స్ బ్యానర్లు వేసే షాపులో ఒక అంగుళం గళ్ళు ప్రింట్ చేయిస్తే గడికి 5 అడుగుల మ్యాట్ తయారు. ట్రాఫిక్‌కి పేరుపడ్డ సిల్క్ బోర్డ్ జంక్షన్ దాటి రావాల్సినవాళ్ళు ఫైట్ మధ్యలో వచ్చిపడితే ఇనీషియేటివ్ వేయించి, ఆ రౌండ్ అయ్యాక కొత్త రౌండ్ నుంచి చేర్చుకోండి.

మీ ఫైటర్ ఏ సబ్‌క్లాసో రాయలేదు. బాటిల్ మాస్టర్ కాకపోతే మార్షల్ అడెప్ట్ ఫీట్‌తో రెండు మనూవర్లు, ఒక్క డీ6 వస్తాయి. ఒక్క డైస్‌కి ఫీట్ ఖరీదెక్కువే. డాలు వాడుతుంటే షీల్డ్ మాస్టర్ చూడండి: అటాక్ యాక్షన్ తీసుకున్న టర్న్‌లో బోనస్ యాక్షన్‌తో షవ్. ఆ షవ్ దెబ్బలకి ముందా తర్వాతా అన్న దాని మీద డిజైనర్లే మొదట ఒక మాట, తర్వాత ఇంకో మాట చెప్పారు. చివరికి నిలిచింది "దెబ్బల తర్వాత" అన్నదే. మీ సొంత దెబ్బలకి అడ్వాంటేజ్ రాదు. కానీ ఒక్క దెబ్బా వదులుకోకుండా రోగ్‌కీ పాలడిన్‌కీ 0.14 చొప్పున ఇస్తున్నారు, కెప్టెన్ మీ వెనకాలే లేనంతవరకూ. సబ్‌క్లాస్, పార్టీలో మిగతా ముగ్గురు ఎవరో రాస్తే దానికి తగ్గట్టు లెక్క వేసి చెబుతాను.